నవలలో "అనుకున్నాను" అని ఉన్నవన్నీ తెర మీదికి ఎలా తేవాలి? డిస్టోపియన్ కథతో సినిమా తీయాలనుకునేవాళ్లకి

టీనేజ్ పిల్లల కోసం రాసిన డిస్టోపియన్ నవల, అంటే అన్యాయంగా, భయంకరంగా మారిపోయిన ఊహాలోకం కథ ఒకటి, మీ చేతిలో పడింది. రాత్రి రెండింటి దాకా పక్కన పెట్టలేకపోయారు, చదువుతున్నంతసేపూ కళ్ల ముందు సినిమా తిరిగింది, పొద్దున లేవగానే "దీన్ని తీస్తే బొమ్మ బ్లాక్‌బస్టర్" అనిపించింది. మంచిదే, కానీ ఆ కళ్ల ముందు తిరిగినదాన్ని మాత్రం నమ్మకండి. అది సినిమా కాదు, ఒక పదహారేళ్ల పిల్ల మీ చెవి పక్కన కూర్చుని మూడొందల పేజీలు గుసగుసగా చెప్పిన మాటలు. ఆ గుసగుస తెర మీద వినపడదు. వినపడనిదాన్ని ఎక్కడికి పంపాలో తేల్చుకోవడమే ఈ పనిలో ముప్పాతిక వంతు. మిగతా పావు వంతు డబ్బులు, సర్టిఫికెట్లు, ఫ్యాన్స్ తిట్లు.

నాకు ఇది తల బొప్పి కట్టాక తెలిసింది. కొన్నేళ్ల కిందట ఒక వారపత్రిక సీరియల్‌కి స్క్రీన్‌ప్లే రాసే పని దొరికింది, నాయికే కథ చెప్పుకునే నవల, నాకు ప్రాణం. ప్రతి మంచి వాక్యాన్నీ కాపాడాలని వాయిస్ ఓవర్ మీద వాయిస్ ఓవర్ పెట్టుకుంటూ పోయాను, 160 పేజీలయింది. డైరెక్టర్ గారు పది పేజీలు చదివి, కళ్లజోడు తీసి, "బాబూ, ఇంతకీ ఈ అమ్మాయి ఏం చేస్తుంది?" అన్నారు. "ఆలోచిస్తుందండీ" అన్నాను. టీ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

అందుకే ఈ పనికి నేను ఎవరికైనా చూపించే పాఠం ఒక్కటే, హంగర్ గేమ్స్. 2008లో సుజాన్ కాలిన్స్ రాసిన నవల, 2012 మార్చిలో గ్యారీ రాస్ తీసిన సినిమా. అందులో రాజధాని ఏటా జిల్లాల్లో లాటరీ తీసి ఇరవైనలుగురు పిల్లల్ని ఒకరినొకరు చంపుకునే ఆటలోకి దింపుతుంది, చెల్లెలి బదులు ఆ ఆటకి వెళ్లిన పదహారేళ్ల కాట్నిస్ నవలలో ఆ కథ చెప్తుంది. దాదాపు 8 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 69 కోట్ల డాలర్ల పైన వచ్చింది. వసూళ్ల సంగతి అలా ఉంచితే, నవలని ఒక చేత్తో, సినిమాని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంటే ఎక్కడ ఏం మార్చారో, ఎందుకు మార్చారో సీన్ సీన్‌కీ కనపడుతుంది. రెండూ తెలిసినవాళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి మాట్లాడుకోవడానికీ సులువు.

మొదటి పని: కాగితం మీద సంతకం

దీన్ని త్వరగా ముగిద్దాం, కానీ వదిలేయకండి. మీకు నచ్చిందని స్క్రిప్ట్ రాసేసి తర్వాత రచయిత దగ్గరికి వెళ్తే, ఆ హక్కులు అప్పటికే ఇంకెవరి దగ్గరో ఉండొచ్చు. హాలీవుడ్‌లో ముందు ఆప్షన్ తీసుకుంటారు, అంటే ఏడాదో ఏడాదిన్నరో ఈ పుస్తకం ఇంకెవరికీ ఇవ్వకుండా ఉంచమని కొంత అడ్వాన్సు. సినిమా ఖాయమైతే అసలు ధర చెల్లించి హక్కులు కొంటారు. మన దగ్గర చాలాసార్లు ఫోన్‌లో "మీరు కానివ్వండి సార్" అన్న మాట మీదే పని మొదలైపోతుంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకి అన్నది రాసుకోకపోతే అయిదేళ్లకే అనుకుంటారు, ఏ ప్రాంతానికి అన్నది రాసుకోకపోతే ఒక్క ఇండియాకే అనుకుంటారు. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, అది చెల్లిపోతుంది. నవల మూడు భాగాలదైతే మూడింటి గురించీ మొదటి రోజే మాట్లాడుకోండి. ఒక భాగం హిట్టయ్యాక రెండోదాని రేటు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

పెన్సిళ్లు తీయండి

ఇక అసలు పని. నవల కాపీ ఒకటి పాడైనా ఫర్వాలేదనుకుని కొనుక్కోండి, మూడు రంగుల పెన్సిళ్లు తీసుకోండి. నాయిక లేదా నాయకుడు మనసులో అనుకునే ప్రతి వాక్యం కిందా గీత గీయాలి. రంగులు ఇలా: ఆ లోకం గురించి మనకి సమాచారం ఇచ్చేవాటికి ఒకటి, ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించేవాటికి ఒకటి, తన బాధ, భయం, కోపం లాంటి సొంత ఫీలింగ్స్‌కి ఒకటి. ఒక వారం పడుతుంది. అయ్యేసరికి పుస్తకం హోలీ ఆడినట్టు ఉంటుంది, కంగారు పడకండి. ఈ మూడు రంగులూ సినిమాలో మూడు వేర్వేరు చోట్లకి వెళ్తాయి.

సమాచారం రంగు ముందు చూద్దాం. డిస్టోపియన్ కథకి ఉన్న పెద్ద తలనొప్పి ఇదే, ఎందుకంటే ఆ లోకం ఎవరికీ తెలీదు. ఎన్ని జిల్లాలు, ఎవరు పాలిస్తారు, ఆ దిక్కుమాలిన ఆట రూల్స్ ఏంటి, ఆ పురుగు కుడితే ఏమవుతుంది, అన్నీ చెప్పాలి. నవలలో కాట్నిస్ చెప్పుకుపోతుంది. సినిమాలో ఇద్దరు పాత్రలు, ఇద్దరికీ తెలిసిన విషయాన్నే, "నీకు తెలుసు కదా, మన దేశంలో ఏటా..." అని మాట్లాడుకుంటే థియేటర్లో ఈలలు పడతాయి. హంగర్ గేమ్స్ వాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం ఎంత సులువైనదో చూడండి. ఆ కథలో పిల్లల చావులు టీవీలో లైవ్ వస్తాయి. టీవీ అన్నాక యాంకర్ ఉంటాడు, యాంకర్ అన్నాక వాగుతాడు. కాట్నిస్ చెట్టు మీద కూర్చుని విషపు కందిరీగల తుట్టెని చూస్తున్నప్పుడు, నవలలో వాటి చరిత్రంతా ఆమే గుర్తు చేసుకుంటుంది. సినిమాలో కెమెరా స్టూడియోకి వెళ్లిపోతుంది, రంగు జుట్టు యాంకర్ పళ్లికిలించి అవి ఎంత ప్రమాదమో క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు చెప్తాడు. మనకి సమాచారం అందింది. దాంతోపాటు ఆ నవ్వు చూసి ఒళ్లు మండింది కూడా. నవలలో సమాచారంగా ఉన్నది సినిమాలో సెటైర్ అయిపోయింది, అదీ పైసా అదనపు ఖర్చు లేకుండా.

కాబట్టి మీ నవలలో వెతకండి, మాట్లాడటమే పనిగా ఉన్నవాడు ఎవడు? టీచరా, రేడియోలో అనౌన్సరా, కొత్తగా వచ్చినవాళ్లకి రూల్స్ చదివి వినిపించే గుమాస్తానా? సమాచారం వాడి నోట్లో పెట్టండి. అలాంటివాడు లేకపోతే ఇంకో దారి ఉంది, నాయకుడికే ఏమీ తెలియకుండా చేయడం. మేజ్ రన్నర్‌కి ఆ అదృష్టం నవలలోనే దొరికింది, హీరో తన పేరు తప్ప ఇంకేమీ గుర్తులేకుండా లిఫ్టులో పైకి వస్తాడు, అతను అడిగే ప్రతి ప్రశ్నా మనదే. డైరెక్టర్ వెస్ బాల్‌కి అదే మొదటి ఫీచర్ సినిమా, ఖర్చు 3.4 కోట్ల డాలర్లు, వసూలు 34 కోట్ల పైన. నాలుగు గోడలూ ఒక పచ్చికబయలూ, కథ చాలావరకు అక్కడే. బడ్జెట్ గురించి భయపడేవాళ్లు ముందు ఆ సినిమా చూడాలి.

ఊహించడం మానేసి వెళ్లి చూడండి

రెండో రంగు, అంటే ఎదుటివాళ్ల గురించిన ఊహలు, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు కూడా.

హంగర్ గేమ్స్ నవలలో ఒక ఘట్టం ఉంది. అడవిలో కాట్నిస్‌కి దాహం, నీళ్లు లేవు, నాలుక పిడచ కట్టుకుపోతోంది. ఆమెకి శిక్షణ ఇచ్చిన తాగుబోతు హేమిచ్ స్పాన్సర్ల డబ్బుతో నీళ్లు పంపించగలడు, ఆమె అడుగుతుంది, అయినా రావు. ముందు కోపం వస్తుంది. తర్వాత కాసేపు ఆలోచిస్తే వెలుగుతుంది, నీళ్లు పంపట్లేదంటే దగ్గర్లోనే ఉన్నాయని అర్థం, అందుకే ఊరుకున్నాడు. ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు, ఉన్నదల్లా రాకపోయిన ఒక గిన్నె నీళ్లు. అంత పెద్ద సంభాషణ అందులో ఇమిడిపోయింది. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. తెర మీద పెడితే ఏముంటుంది? ఒకమ్మాయి పెదాలు తడుపుకుంటూ ఆకాశంలోకి చూస్తుంటుంది, అంతే. సినిమా దీని జోలికి పోలేదు.

దాని బదులు ఏం చేశారంటే, కానుకలతో పాటు హేమిచ్ రాసిన చిన్న చీటీలు పెట్టారు. నవలలో చీటీలు ఉండవు. వాళ్ల జిల్లా నుంచే ఆటకి వచ్చి గాయపడ్డ పీటాని ఆమె ముద్దు పెట్టుకుంటే వెంటనే గిన్నెడు సూప్ దిగుతుంది, ఒక ముద్దుకి ఒక గిన్నె అని లెక్క ఆమే కట్టుకుంటుంది. సినిమాలో ఆ సూప్‌తో పాటు, దీన్ని ముద్దంటారా అన్న అర్థం వచ్చే చీటీ ఒకటి ఉంటుంది. థియేటర్లో నవ్వులు. నవలలో ఉన్న పదును తగ్గిందా అంటే తగ్గింది. కానీ ప్రేమ నాటకం ఆడితేనే బతుకుతాం అన్న విషయం మూడు సెకన్లలో చివరి వరుసలో పాప్‌కార్న్ తింటున్నవాడికి కూడా చేరింది. అన్నిసార్లూ నవలే గొప్ప అని మొహం ముడుచుకోవడం తేలిక, మూడు సెకన్లలో చెప్పడం కష్టం.

అయితే ఆ సినిమా చేసిన అసలు పని చీటీలు కాదు. నవల మొత్తం కాట్నిస్ తలలోనే ఉంటుంది, ఆమె చూడనిది మనమూ చూడం. సినిమా రాసినవాళ్లు, అందులో కాలిన్స్ కూడా ఉన్నారు, ఆ గోడ పగలగొట్టారు. ఆట నడిపేవాళ్ల కంట్రోల్ రూమ్ చూపించారు. తెల్లకోట్లు వేసుకున్న ఉద్యోగులు బటన్లు నొక్కుతూ ఉంటారు, ఎవరో ఒకావిడ చక్కగా అడవి తగలబెడుతుంది, పక్కనున్నవాళ్లు బాగుందంటారు, మామూలు ఆఫీసులా ఉంటుంది. మొదటి నవలలో పెద్దగా కనపడని ప్రెసిడెంట్ స్నోకి గులాబీ తోటలో సీన్లు రాశారు. ఆ పాత్ర వేసిన డొనాల్డ్ సదర్లాండ్ స్నో గురించి తన ఆలోచనలు డైరెక్టర్‌కి ఉత్తరంగా రాస్తే, దాన్ని చదివాకే ఆ తోట సీన్లు పుట్టాయి. నటుడి దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం చదవడానికి టైమ్ ఉన్న డైరెక్టర్లు ధన్యులు.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ముందుకి పోలేను. ర్యూ అనే చిన్నపిల్ల చనిపోతుంది, కాట్నిస్ ఆమె చుట్టూ పూలు పెడుతుంది. నవలలో తర్వాత ఏమవుతుందంటే, ర్యూ వాళ్ల జిల్లా నుంచి కాట్నిస్‌కి ఒక రొట్టె వస్తుంది. తిండికి గతిలేని జనం చందాలు వేసుకుని, వేరే జిల్లా పిల్లకి పంపిన రొట్టె. సినిమాలో ఆ రొట్టె లేదు. కెమెరా నేరుగా ఆ జిల్లాకే వెళ్తుంది, పిల్ల చావు తెర మీద చూసిన జనం తిరగబడతారు, బస్తాలు చిందరవందర అవుతాయి, సైనికులు వస్తారు. ఒకే భావం, రెండు రూపాలు. కాట్నిస్ అడవిలో ఉంది కాబట్టి నవలలో జనం ఆమె దగ్గరికి ఏదో ఒకటి పంపాలి, కెమెరాకి ఆ ఇబ్బంది లేదు, అదే జనం దగ్గరికి పోగలదు. మీ పుస్తకంలో రెండో రంగు గీత ఉన్న ప్రతి చోటా ఇదే అడగండి: వాళ్లేం అనుకుంటున్నారో ఈ పిల్ల ఊహించే బదులు, మనమే వాళ్ల దగ్గరికి పోయి చూస్తే?

ఒక్క హెచ్చరిక. పోయి చూసే వీలుంది కదా అని అన్ని చోట్లకీ పోకండి. కొన్ని కథలు ఒకరి తలలోనే ఇరుక్కుపోయి ఉండాలి, తలుపు తెరిస్తే సస్పెన్స్ ఆవిరైపోతుంది. ద గివర్ అని 1993లో వచ్చిన నవల ఉంది, అందులో ఆ ఊరివాళ్లకి రంగులు కనపడవు. ఆ సంగతి చదివేవాడికి చాలా అధ్యాయాల దాకా తెలీదు, తెలిసిన క్షణం కింద నేల కదిలినట్టు ఉంటుంది. 2014లో సినిమా తీస్తే ఏం చేస్తారు పాపం, మొదటి ఫ్రేమ్ నుంచే బ్లాక్ అండ్ వైట్‌లో చూపించాలి, అంటే గుట్టు మొదటి నిమిషంలోనే బయటపడింది. తర్వాత మెల్లగా రంగులు వచ్చే తీరు అందంగానే ఉంటుంది, కానీ ఆ దెబ్బ మాత్రం లేదు. పైగా పన్నెండేళ్ల పిల్లవాణ్ని టీనేజ్ కుర్రాణ్ని చేసి ప్రేమ కలిపారు, అది నాకు అసలు నచ్చలేదు. ఇలాంటి నవల మీ చేతికి వస్తే, దాని అసలు బలం అక్షరాల్లోనే ఉందని గ్రహించి వదిలేయడం కూడా ఒక నిర్ణయమే.

చొక్కా తోక

మూడో రంగు, సొంత ఫీలింగ్స్. వీటికి డైలాగులు రాయకండి. వస్తువు వెతకండి.

హంగర్ గేమ్స్‌లో లాటరీ తీసే రోజు, చెల్లెలు ప్రిమ్ వేసుకున్నది అక్క పాత బట్టలు, పెద్దవి. వెనక చొక్కా కొస బయటికి వచ్చి బాతు తోకలా ఉంటుంది. తోక లోపల పెట్టుకోవే బాతుపిల్లా అని అక్క సరదాగా సర్దుతుంది. తర్వాత లాటరీలో ప్రిమ్ పేరే వస్తుంది. నవలలో కాట్నిస్ బిగుసుకుపోతుంది, ఊపిరి ఆడదు, ఎప్పుడో చెట్టు మీంచి పడ్డప్పుడు ఎలా అయిందో గుర్తొస్తుంది, ఒక పేరాడు ఆలోచనలు. అప్పుడు నడుస్తున్న చెల్లెలి వెనక మళ్లీ బయటికి వచ్చిన ఆ చొక్కా తోక కనపడుతుంది. దాంతో స్పృహలోకి వచ్చి అరుస్తుంది.

స్క్రిప్ట్ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ముందు సీన్లో నవ్వు కోసం ఒకసారి చూపించిన చొక్కా ఉంటే, ఆ పేరా అంతా తీసేయొచ్చు. సినిమాలో ఆ లాటరీ సీన్‌లో సంగీతం కూడా దాదాపు ఉండదు, గులకరాళ్ల మీద అడుగుల చప్పుడు వినపడుతుంది. మన దగ్గరైతే అక్కడ నలభై వయొలిన్లు పడేవి, నాకు తెలుసు, నేనూ రాసుకుంటాను బ్రాకెట్లో "ఎమోషనల్ బీజీఎం" అని. రాసుకుని కొట్టేస్తున్నా ఈమధ్య.

పాత్రల్ని తీసేసేటప్పుడు కూడా వస్తువులే కాపాడతాయి. నవలలో మాకింగ్‌జే అనే పక్షి బొమ్మ ఉన్న పిన్నుని కాట్నిస్‌కి ఇచ్చేది మేయర్ కూతురు మాడ్జ్. సినిమాలో మాడ్జ్ లేదు. మరి పిన్ను ఎలా? సంతలో ఒక ముసలావిడ దగ్గర కాట్నిస్ తీసుకుంటుంది, చెల్లెలికి ధైర్యం కోసం ఇస్తుంది, తర్వాత చెల్లెలే దాన్ని అక్కకి తిరిగి ఇస్తుంది. ఒక పాత్ర పోయింది, కానీ పిన్ను ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య తిరిగే వస్తువు అయింది, నిజం చెప్పాలంటే నవలలో కంటే బలపడింది. పాత్రని కోసేముందు ఆ పాత్ర చేతిలో ఏముందో చూసుకోండి, దాన్ని ఎవరికి అప్పగిస్తున్నారో రాసుకోండి. అప్పగించకుండా కోస్తే మూడో భాగంలో గుర్తొచ్చి నెత్తి కొట్టుకుంటారు.

రక్తం ఎంత?

ఇప్పుడు ఇబ్బందికరమైన విషయం. కథలో పిల్లలు పిల్లల్ని చంపుతారు. చూడాల్సింది పిల్లలు. పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్ వస్తే ఎవరి కోసం తీశామో వాళ్లే లోపలికి రాలేరు. మరీ మెత్తగా తీస్తే ఆ వ్యవస్థ మీద కోపం రాదు, ఏదో స్పోర్ట్స్ డే చూసినట్టు ఉంటుంది. గ్యారీ రాస్ కెమెరాని చేత్తో పట్టుకుని ఊపేశాడు, మొదటి ఊచకోత సీన్లో శబ్దం తగ్గించేసి ఒక హోరు మాత్రం ఉంచాడు, దెబ్బ తగిలే క్షణం కనపడేలోపు షాట్ మారిపోతుంది. అమెరికాలో, పిల్లలు కూడా చూడగలిగే పీజీ-13 సర్టిఫికెట్ వచ్చింది. బ్రిటన్‌లో అలాంటిదే అయిన 12ఏ కోసం ఇంకో ఏడు సెకన్లు సర్దాల్సి వచ్చింది, కొన్ని చోట్ల రక్తపు చుక్కల్ని డిజిటల్‌గా తుడిచేశారు. ఆ ఊగే కెమెరాకి తల తిరిగిందని తిట్టినవాళ్లు చాలామంది. నాకూ తిరిగింది. అయినా ఆ సీన్‌లో శబ్దం ఆపేయడం సరైన పని అనే అంటాను, ఎందుకంటే ఆ క్షణంలో ఆ పిల్ల చెవులకి ఏమీ వినపడదు. ఆ ఒక్కచోట మనం మళ్లీ ఆమె తలలోకి వెళ్లాం.

మన దగ్గర ఇప్పుడు లెక్క కొంచెం మారింది, 2024 రూల్స్‌తో యూఏని యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని విడగొట్టారు. ఏ గడిలో పడాలనుకుంటున్నారో స్క్రిప్ట్ దశలోనే తేల్చుకోండి. సెన్సార్ ముందు రోజు ఎడిటింగ్ రూమ్‌లో తేల్చుకుందాంలే అనుకుంటే, కట్ అయ్యేది రక్తం కాదు, కథ.

డబ్బు ఎక్కడ పెట్టాలి

డిస్టోపియన్ అనగానే ఆర్ట్ డైరెక్టర్ కళ్లు మెరుస్తాయి, నిర్మాత కళ్లు తిరుగుతాయి. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే ఇలాంటి కథల్లో రెండు లోకాలు ఉంటాయి, పేదలది, పెద్దలది. పేదల లోకం కట్టక్కర్లేదు, ఎక్కడో ఉంటుంది, వెతకాలి. కాట్నిస్ వాళ్ల ఊరి కోసం నార్త్ కరోలినాలో మనుషులు వదిలేసి వెళ్లిన ఒక పాత మిల్లు కార్మికుల కాలనీ దొరికింది, హెన్రీ రివర్ మిల్ విలేజ్. పెచ్చులూడిన చెక్క ఇళ్లు, వరసగా. ఏ సెట్టూ ఆ దిగులు తేలేదు. అడవి సీన్లు కూడా చాలావరకు ఆ రాష్ట్రంలోనే, ఆ చుట్టుపక్కల అడవుల్లో తీశారు. మిగిలిన డబ్బు రాజధాని మీద, విగ్గుల మీద, బట్టల మీద పోసుకోవచ్చు.

రెండో భాగానికి డబ్బు పెరిగింది, డైరెక్టర్ మారాడు, 2013లో ఫ్రాన్సిస్ లారెన్స్ వచ్చాడు. ఆట జరిగే అరీనాలోకి కాట్నిస్ గొట్టంలో పైకి లేచేటప్పుడు తెర ఆమెతో పాటే పైకీ కిందకీ తెరుచుకుంటుంది, అక్కడ్నుంచి ఐమాక్స్ కెమెరా. డబ్బుంది కదా అని మొదటి ఫ్రేమ్ నుంచి వాడలేదు, సినిమా సగానికి పైగా అయ్యాక ఆ ఒక్క గుమ్మం దగ్గర దాచి పెట్టి వాడారు. నవలలో అక్కడ అధ్యాయం మారుతుంది, సినిమాలో తెర సైజే మారింది.

నటీనటుల గురించి పెద్దగా చెప్పను. పదహారేళ్ల పాత్రకి జెన్నిఫర్ లారెన్స్‌ని తీసుకునేటప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు, జుట్టు రంగు వేరు, ఫ్యాన్స్ గొడవ చేశారు. ఏడాది ముందు పేదరికంలో తమ్ముణ్నీ చెల్లెల్నీ సాకే అమ్మాయిగా నటించి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన పిల్ల అది. జుట్టుకి రంగు వేయొచ్చు, ఆకలి తెలిసిన మొహానికి మేకప్ లేదు.

రెండు ముక్కలు చేయాలన్న దురాశ

సినిమా ఆడింది అనుకుందాం. మూడు నవలలుంటే మీకు ఎవరో ఒకరు చెప్తారు, "చివరిదాన్ని రెండు పార్టులు చేద్దాం సార్." అప్పుడు ఈ లెక్క చూపించండి. హంగర్ గేమ్స్ రెండో సినిమా 86 కోట్ల డాలర్లు. చివరి నవల మాకింగ్‌జేని రెండు చేస్తే, 2014లో వచ్చిన మొదటి ముక్క 75 కోట్లు, 2015లో రెండోది 65 కోట్లు. నష్టమేం లేదు, కానీ ప్రతిసారీ పది కోట్ల మంట. అలా విడగొట్టినందుకు బాధపడుతున్నానని ఫ్రాన్సిస్ లారెన్సే 2023లో ఒప్పుకున్నాడు. ఇక ఇలాంటిదే ఇంకో సిరీస్, డైవర్జెంట్ వాళ్ల కథ ఇంకా ఘోరం, మూడో నవలని రెండు చేద్దామనుకున్నారు, 2016లో వచ్చిన మొదటి ముక్క అంతకు ముందు సినిమా వసూళ్లలో మూడింట రెండు వంతులు కూడా రాబట్టలేదు, రెండో ముక్కని టీవీకి తీస్తామన్నారు, చివరికి అదీ లేదు. ప్రేక్షకులు కథ ముగింపు చూడకుండానే ఇంటికి పోయారు.

మరి బాహుబలి సంగతేంటి అంటారు మీరు. అడగాలి కూడా. 2015లో మొదటి భాగం చివర్న వేసిన ఆ ఒక్క ప్రశ్నతో దేశమంతా రెండేళ్లు ఆగింది. తేడా ఏంటంటే అక్కడ మొదటి భాగం ముగిసేది ఒక దెబ్బతో, ఆ దెబ్బకి కారణమే రెండో భాగం. కథని అక్కడే విరగ్గొట్టాలని ముందే తెలిసి రాసుకున్నారు. నవలలో అలాంటి విరుపు లేనప్పుడు 390 పేజీల పుస్తకాన్ని 195వ పేజీ దగ్గర కోస్తే, మొదటి ముక్కలో అందరూ సొరంగాల్లో కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. ఇంటర్వెల్‌కి బయటికొచ్చి సమోసా తిని ఇంటికి పోదామనిపించే సినిమా అది.

ఇంటర్వెల్ అంటే గుర్తొచ్చింది. హాలీవుడ్ సినిమాకి ఇంటర్వెల్ ఉండదు, మన థియేటర్ వాళ్లు మధ్యలో ఎక్కడో కోసేస్తారు. మీరు మన ప్రేక్షకుల కోసం రాస్తుంటే ఆ చోటు మీరే ఎంచుకోవాలి. హంగర్ గేమ్స్‌లో నాకైతే అది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను, ఇరవైనలుగురు పిల్లలూ గుండ్రంగా నిలబడి, అంకెలు తగ్గుతూ ఉంటాయి చూశారూ, సరిగ్గా సున్నా దగ్గర. అప్పటికి గంట పైన అవుతుంది. అంత సేపు అసలు ఆట మొదలెట్టకుండానే కూర్చోబెట్టారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే ఫైటు కావాలని ఎవరైనా అడిగితే, ఈ సంగతి చెప్పండి.

చివరి సీన్

ముగింపు దగ్గర మాత్రం ఆ సినిమాతో నాకు పేచీ ఉంది. నవలలో ఇంటికి వెళ్లే దారిలో పీటాకి తెలిసిపోతుంది, ఆమె ప్రేమలో చాలావరకు బతకడం కోసం ఆడిన నాటకమని. పీటా ప్రేమ నిజం. ఊరి స్టేషన్లో కెమెరాల ముందు మళ్లీ చేతులు పట్టుకోవాలి, ఆ చెయ్యి వదిలే క్షణం వస్తుందని ఆమె భయపడుతుంది. ఆట గెలిచినా ఆ రాజధాని వీళ్ల మధ్య ఏం పాడుచేసిందో అక్కడ తెలుస్తుంది. సినిమాలో అది రెండు మూడు మాటల్లో తేలిపోయింది, ఇంటికెళ్లాక ఏంటి అని అతను, మర్చిపోదామని ఆమె, మర్చిపోవాలని లేదని అతను. మెత్తబడింది. ఇక్కడ ఆమె తలలోంచి బయటికి రావడం కాదు, అసలు లోపలికి వెళ్లనే లేదు. నేనైతే నవలలో మూడో రంగు గీతలు గీసిన ఆ చివరి రెండు పేజీల కోసం ఇంకో అయిదు నిమిషాలు అడిగి కొట్లాడేవాణ్ని.

కానీ ఆ తర్వాత వచ్చే ఆఖరి షాట్‌కి మాత్రం నోరెత్తలేను. ఊరి జనం చప్పట్లు కొడుతుంటారు, గెలిచిన ఇద్దరూ చేతులు ఎత్తుతారు, అదంతా ఎక్కడో దూరంగా ఒక తెర మీద ప్రెసిడెంట్ స్నో ఒక్కడే చూస్తుంటాడు. మొహంలో ఏమీ ఉండదు. వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్లిపోతాడు.